జ్వరానికి పేరు పెట్టిన సభ

చంద్రకళ చనిపోయిన రోజే మా మేక కూడా తప్పిపోయింది.

చంద్రకళ నా చెల్లెలు. రైల్వే వర్క్‌షాపులో రంగులు వేసే సెక్షన్‌లో టెక్నీషియన్. నాన్న పోయాక ఆయన ఉద్యోగం తనకు వచ్చింది, బెంగాలీల ఊళ్ళో తెలుగువాళ్ళుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆయన క్వార్టరు మా ముగ్గురికీ మిగిలింది. మేక మా అమ్మ జోగమ్మది. అలా అంటే అమ్మ ఒప్పుకోదు, అమ్మవారిది అనాలి. మోకాళ్ళ నొప్పులు తగ్గితే ఏటేటా జరిగే మాత పూజలో ఒక మేకపోతును ఇస్తానని మొక్కుకుని, నొప్పులు తగ్గకముందే చలికాలంలో పక్క ఊరు సాలువా నుంచి దాన్ని తెప్పించి వెనక వరండాలో కట్టేసింది. మొక్కు కళ్ళెదుట కనబడుతుంటే అమ్మవారు కాస్త తొందరపడుతుందని అమ్మ నమ్మకం.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరైనా పోతే ఆ క్వార్టర్ల లైను మొత్తం కదిలి వస్తుంది. ఆ ఉదయం కూడా వచ్చారు. వరండాలో తాడు తెగి ఉందని ఎవరో చూసేదాకా అందరూ మా గుమ్మం ముందే ఉన్నారు. తర్వాత సగంమంది సైకిళ్ళెక్కి మేకను వెతకడానికి వెళ్ళారు. నేను తప్పు పట్టడం లేదు. మనిషి ఎక్కడికి వెళ్ళిందో అందరికీ తెలుసు. మేక ఎక్కడికి వెళ్ళిందో తెలియదు.

అది సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ ఇంటి ముందు బంతిపూలు తింటూ దొరికింది. అమ్మవారి మేక అని తెలిశాక ఆ ఇంటావిడ మిగిలిన పూలు కూడా దండ కట్టి మెడలో వేసి పంపిందట. శ్మశానానికి వెళ్ళినవాళ్ళ కంటే ముందు మేక ఇంటికి వచ్చింది. అమ్మ ఆ రోజు మొదటిసారి ఏడుపు ఆపి, దాని మెడ చుట్టూ చేతులు వేసి, "నువ్వయినా ఎనక్కొచ్చినావు" అంది.

జ్వరం వచ్చినప్పుడు అది మామూలు జ్వరమే అనుకున్నాం. రెండు మూడు రోజులకు మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర ఎర్రటి మచ్చలు లేచాయి. తర్వాత అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా వచ్చాయి. అమ్మ చూసి, చెంపలు వేసుకుని, గుమ్మానికి వేపమండలు కట్టింది. ఒంటి మీద మచ్చలతో జ్వరం వస్తే మా వాళ్ళు దాన్ని జబ్బు అనరు. తల్లి పోసింది అంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కూరలో తాలింపు వేయరు, చెప్పులు గడప దాటనివ్వరు, డాక్టరు మాట ఎత్తరు.

నేను ఎత్తాను.

"అమ్మోరు ఇంట్లో ఉండగా సూది పొడిపిస్తావేటే? సదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?" అంది అమ్మ.

"ఉండనియ్యే అక్కా," అంది చంద్రకళ మంచం మీంచి. "డాక్టరు కాడికెళ్తే సర్టిఫికెట్టిస్తాడు, సెలవైపోగానే ఫిట్టంటాడు. అమ్మోరయితే ఎన్నాళ్ళుంటాదో సెక్షన్ ఇంజనీరు కూడా అడగడు."

అది తను నాతో వేళాకోళంగా మాట్లాడిన ఆఖరి మాట. ఆ తర్వాత మాటలు కలవడం మానేశాయి. నన్ను నాన్నా అని పిలిచింది. అప్పుడు అమ్మే రిక్షా పిలవమంది. ఆసుపత్రిలో డాక్టరు మచ్చలు చూసి, ఎన్నాళ్ళయిందని అడిగి, నేను చెప్పిన జవాబు విని ఇంకేమీ అడగలేదు.

చివరి రోజు తీసిన రక్తం పరీక్ష ఫలితం చంద్రకళ దినం అయిపోయాక వచ్చింది. దానితోపాటు రష్మిత వచ్చింది. ఖమ్మం అమ్మాయి, ఇక్కడి ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేస్తోంది. ఆ డాక్టరే పంపాడట. చిన్న పట్టకారు, మూతల సీసాలు తెచ్చుకుని, అమ్మను అడిగి, వరండాలో మేక పక్కన చతికిలబడింది.

"ఏటి పాపా, అమ్మోరి మేక సెవులో ఏటెతుకుతున్నావు?" అంది అమ్మ.

"పిడుదులు అమ్మమ్మా."

"దేనికి?"

"చదువుకోడానికి."

"పిడుదుల్ని సదవడానికి ఇంత దూరం వొచ్చినావా? మీ ఊర్లో లేవా?"

"ఉన్నాయి అమ్మమ్మా. అక్కడ సీటు రాలేదు."

చంద్రకళ పోయాక అమ్మ నవ్వడం అప్పుడే చూశాను.

రష్మిత నాకు బయట, పంపు దగ్గర, మెల్లగా చెప్పింది. ఇది అమ్మవారు కాదు, అమ్మవారి పేరు మీద మనం పిలిచే చికెన్ పాక్స్ కూడా కాదు. ఒక బాక్టీరియా. పిడుదు ఒంట్లో ఉంటుంది. పిడుదు కుట్టినా వస్తుంది, దాన్ని గోళ్ళతో నలిపినప్పుడు ఆ తడి చర్మంలోని గీతల్లోకి వెళ్ళినా వస్తుంది. దీనికి మందు ఉంది. పాత మందు. మొదట్లోనే వేసుకుంటే చాలామంది లేచి తిరుగుతారు.

"ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను.

"ఎక్కడైనా దొరుకుతుంది మేడమ్. మీ సందు చివర మందుల షాపులో కూడా."

ఆ షాపు ముందు నుంచే రోజూ బడికి వెళ్తాను.

మొక్కు మేకకు మందు తగలకూడదు. అది మా వాళ్ళ కట్టుబాటు. అమ్మవారికి చెప్పిన సొత్తు మీద మనిషి మందు పడితే ఎంగిలి అయినట్టు లెక్క. పిడుదుల్ని చేత్తో ఏరడం మాత్రం సేవ. చంద్రకళ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా మేక చెవులు మడిచి పిడుదులు ఏరేది. గోటికీ గోటికీ మధ్య పెట్టి చిట్లించేది. తన గోళ్ళకు ఎప్పుడూ వ్యాగన్ల ఎర్ర రంగు ఉండేది కాబట్టి ఏది రంగో ఏది రక్తమో తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ పని అమ్మ చేస్తోంది. "నా బిడ్డ మద్దెలో ఒగ్గీసిన సేవ," అంటుంది.

లైనులో ఇంకా కొందరికి అదే జ్వరం వచ్చి తగ్గింది. తగ్గినవాళ్ళు కృతజ్ఞతగా మేకను మొక్కుకున్నారు. రానివాళ్ళు రాకూడదని మొక్కుకున్నారు. మాఘమాసం వెళ్ళేసరికి సాలువా మేకలన్నీ మా వరండాల్లో ఉన్నాయి. మొక్కు వల్ల మేక, మేక వల్ల జ్వరం, జ్వరం వల్ల మొక్కు. ఇంత సాఫీగా తిరిగే చక్రం ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మా వర్క్‌షాపులో కూడా ఎవరూ తయారు చేయలేదు.

ఈ సంగతి పది మందికీ చెప్పాలనుకున్నాను. పది మందికీ చెప్పాలంటే మా లైనులో సుబ్బరాజు గారికి చెప్పాలి. ఆయన రిటైరయిన హెడ్ క్లర్కు, కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి. నేను వెళ్ళేసరికి ఆయన నాకంటే కంగారుగా ఉన్నారు.

"టీచరు, ఆ ఇన్‌స్టిట్యూట్ పిల్ల సీసాల మీద ఏటి రాసిందో సూసినారా?"

చూశాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ అని చీటీ అంటించింది. పిడుదులు ఎక్కడివో తెలియడానికి.

"ఊరి పేరు రాసిందంటే రోగానికి మన పేరు ఖాయం చేసినట్టే. అమెరికాలో ఇలాటి పిడుదు రోగానికే ఏదో చిన్న ఊరి పేరు పెట్టీసినారంట. ఇప్పుడా ఊరి పేరు చెప్తే జనం కాళ్ళు పైకెత్తుకుంటారంట. రేపు మన పిల్లలు ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి ట్రాన్స్‌ఫరై ఎక్కడికెళ్ళినా పక్కన కూచుంటారా ఎవలయినా?"

"సుబ్బరాజు గారూ, మేకలకు మందు పూయిస్తే..."

"పూయిద్దాం. ముందు పరువు."

సంఘం హాల్లో అత్యవసర సర్వసభ్య సమావేశం జరిగింది. మా సంఘంలో నీళ్ళు రానప్పుడు మామూలు సమావేశం జరుగుతుంది. హాలు నిండిపోయి కిటికీల బయట కూడా నిలబడ్డారు. నేను రష్మితను తీసుకెళ్ళాను, మేకల గురించి మాట్లాడనిస్తారని.

మొదట ఒకాయన లేచి, మేకలు సాలువావి కాబట్టి సాలువా జ్వరం అనాలన్నాడు. సాలువాలో సాయుధ పోలీసులు ఉన్నారని ఇంకొకాయన గుర్తు చేశాడు. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది. మా మేక సుభాష్‌పల్లిలో దొరికింది కాబట్టి ఆ పేరు పెట్టొచ్చని ఎవరో అన్నారు. బెంగాలీల పేటకు పేరు పెడితే వాళ్ళు మనకంటే పెద్ద మీటింగు పెడతారని సుబ్బరాజు గారు వారించారు.

అమ్మవారి ఘటం మోసే ఎర్రయ్య తాత వెనక బెంచీ మీంచి అన్నాడు. ఫౌండ్రీలో పనిచేసి రిటైరయ్యాడు, చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి అందరికీ వినబడేలా మాట్లాడతాడు. "దానికి పేరుంది. అమ్మోరు. మీరు ఇంకో పేరు పెడితే ఆ యమ్మ ఊరుకుంటాదా?"

అప్పుడు రష్మిత లేచింది. "కొత్త పేరు అక్కర్లేదండీ. ఈ బాక్టీరియాకు పేరు ఎప్పుడో పెట్టేశారు. మన పేర్లలాగే ఇంటిపేరూ సొంతపేరూ ఉన్నాయి. ఇంటిపేరు ఒక అమెరికా డాక్టరుది. ఆయన టైఫస్ జ్వరం మీద పనిచేస్తూ అదే జ్వరంతో పోయారు. సొంతపేరు ఆఫ్రికాలో ట్యూనిస్ అనే ఊళ్ళో ఈ జ్వరం గురించి మొదట రాసిన డాక్టరుది. జ్వరానికైతే కెన్యా పేరుంది, ఫ్రాన్సులో ఒక రేవు పేరుంది, మన దగ్గర దొరికేదాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. సీసా మీద రాసింది అడ్రసు మాత్రమే. అసలు విషయం మేకలు..."

"ఒక్క నిమిషం పాపా," అన్నారు సుబ్బరాజు గారు. ఆయన ముఖం వెలిగింది. "అయితే పోయినవాళ్ళ పేరు పెట్టొచ్చన్నమాట."

ఏం రాబోతోందో నాకు కాస్త ముందే తెలిసింది.

"ఆ అమెరికా డాక్టరు ఎవలో మనకి తెలీదు. మన వర్క్‌షాపు పిల్ల, మన లైనులో పుట్టిన పిల్ల, ఆ జ్వరానికే బలైపోయినాది. చంద్రకళ జ్వరం. ఊరికి మచ్చ రాదు, ఆ పిల్లకి శాశ్వతమైన గౌరవం. టీచరు గారి కుటుంబానికి మనం ఇంకేటి చెయ్యగలం?"

చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. వాళ్ళ కన్నీళ్ళు నిజమైనవే, అందుకే నేను లేచి కాదనలేకపోయాను. రష్మిత నా వైపు చూసింది. మైకు అప్పటికే ఆపేశారు.

తీర్మానం రాసే పని నాకే అప్పగించారు. "భాష మీది, భావం మాది," అన్నారు సుబ్బరాజు గారు. సంఘం తరఫున ఇన్నేళ్ళుగా నేనే రాస్తున్నాను. రాశాను. చెల్లెలి పేరు పక్కన జ్వరం అనే మాట రాసేటప్పుడు చేయి బాగానే నడిచింది. చివర ఒక వాక్యం చేర్చాను: మాత పూజ లోపల లైనులోని మేకలన్నిటికీ పిడుదుల మందు పోయించాలి.

కార్యవర్గం దాన్ని సవరించింది. మందు అనే మాట భక్తుల మనసు నొప్పిస్తుందని తీసి, తగిన శ్రద్ధ అని పెట్టారు. పోయించాలి అంటే ఖర్చెవరిదని ప్రశ్న వచ్చి, వహించాలి అయింది. మేకలు అంటే కొందరినే వేలెత్తి చూపినట్టుంటుందని మూగజీవాలు అన్నారు. చివరికి నా వాక్యం ఇలా తేలింది: మూగజీవాల పట్ల సభ్యులు తగిన శ్రద్ధ వహించగలరని సభ ఆకాంక్షిస్తోంది. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు.

మర్నాటికి సంఘం గోడ మీద ఫ్లెక్సీ వేలాడింది. గుర్తింపు కార్డులోని ఫొటో పెద్దది చేశారు. చంద్రకళ ఆ ఫొటోలో కెమెరా వాడి మీద విసుక్కుంటున్నట్టు ఉంటుంది. కింద ఎర్ర అక్షరాలు. అమ్మ కూరగాయలకు వెళ్ళి దాన్ని చూసి వచ్చింది. చదవడం రాదు కాబట్టి ఎవరినో అడిగి చదివించుకుందట. వరండాలో మేక పక్కన కూర్చుని, దాని చెవి మడిచి పిడుదులు ఏరుతూ అంది:

"రేపు ఎవలికయినా జొరమొస్తే, మా ఇంట్లో చంద్రకళ ఒచ్చినాది అంటారేటే? తగ్గిపోతే, చంద్రకళ పోయింది పీడా ఒదిలింది అంటారా?"

నేను కూరగాయల సంచి లోపల పెట్టి వచ్చాను.

"ఒసే మీనా. అసలా జొరం దేనివల్ల ఒచ్చినాదంట? ఆ పిడుదుల పిల్ల ఏటంటాది?"

"పిడుదుల వల్లే అంటోందమ్మా."

అమ్మ వేళ్ళు మేక చెవి మీద ఆగాయి. "ఏ పిడుదులు?"

"జంతువులకి ఉంటాయి కదా."

"మన మేకవా?"

పిల్లలకు నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాట ఒకటుంది. అడిగిన ప్రశ్నకే జవాబు రాయండి, పక్క ప్రశ్నకు కాదు.

"కుక్కలకి ఎక్కువ ఉంటాయంటమ్మా," అన్నాను. "లైనులో కుక్కలు ఎక్కువైపోయాయి."

"నానెప్పుడో అన్నాను ఆ కుక్కల్ని తోలీమని. ఒక్కడయినా ఇన్నాడా?" అంది అమ్మ. వేళ్ళు మళ్ళీ కదిలాయి. ఒక పిడుదును పీకి, గోళ్ళ మధ్య చిట్లించి, కొంగుకు తుడుచుకుంది.

మర్నాడు చంద్రకళ వర్క్‌షాపు చేతి తొడుగులు తీసి ఇచ్చాను. వేసుకుని ఏరమన్నాను. అమ్మ వాటిని వాసన చూసి, మడిచి, తన దిండు కింద పెట్టుకుంది. రష్మిత ఇచ్చిన పట్టకారు చూపిస్తే, మేక బెదిరిపోతుందంది.

ఇక సంఘం వల్ల కాదని ఎర్రయ్య తాత దగ్గరికి వెళ్ళాను. రష్మిత కూడా వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది కాబట్టి వీధంతా వింటుందని భయపడ్డాను.

"మందు అంటే కుదరదు టీచరమ్మా," అన్నాడు. "నా తాత కాలం నుంచి లేదు."

"మరి ఏదంటే కుదురుతుంది తాతా?"

ఆయన బీడీ ఆర్పేశాడు. "పండక్కి ముందు పోతులకి పసుపు నీళ్ళు పొయ్యడం ఉన్నాది. ఈ మద్దెన మానేసినారు గానీ, ఉన్నాది."

"ఆ నీళ్ళలో ఏదైనా కలిపితే?"

"నీళ్ళలో ఏటి కలిపినారో నానెందుకు అడుగుతాను? అమ్మోరు మాత్రం అడుగుతాదేటి?"

"కానీ ఇప్పుడే పోయాలి తాతా," అంది రష్మిత. "పండగ దగ్గరపడ్డాక పోస్తే మాంసంలో మందు మిగిలిపోతుంది."

"పసుపు, పాపా. పసుపు మిగిలిపోతాది," అని సరిదిద్దాడు ఎర్రయ్య తాత.

అలా మా లైనులో పాత ఆచారం ఒకటి తిరిగి మొదలైంది. ఒక ఆదివారం ఉదయం పంపు దగ్గర డ్రమ్ములు పెట్టి, డప్పు కొట్టించి, మేకలన్నిటికీ చెవుల నుంచి తోక దాకా పసుపు నీళ్ళతో స్నానం చేయించారు. పశువుల డాక్టరు ఇచ్చిన మందు రష్మిత తగిన పాళ్ళలో కలిపింది. చేతి తొడుగులు ఆచారంలో భాగమేనని ఎర్రయ్య తాత ప్రకటించాడు. సుబ్బరాజు గారు కొబ్బరికాయ కొట్టి, చంద్రకళ జ్వర నివారణోత్సవం అని పేరు పెట్టి, ఫొటో దిగారు. నేను బడిలో ఇన్నేళ్ళలో నేర్పలేనిది పసుపు నేర్పింది. పేరు మారిస్తే చాలు, మందు కూడా ముట్టుకోవచ్చు.

నేను మా మేకను విప్పి తీసుకెళ్ళాను. అమ్మ కూడా వెంట వచ్చింది.

ఎర్రయ్య తాత చెయ్యి అడ్డుపెట్టాడు. "మీకు ఏటిసూతకం టీచరమ్మా. ఏడాది తిరిగేదాకా మీ ఇంటి మొక్కు చెల్లదు. మైలలో ఉన్న మేకకి పసుపు నీళ్ళు పొయ్యకూడదు."

"తాతా, అది పసుపు కాదని మీకు..."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. చుట్టూ లైను మొత్తం ఉంది, తడిసిన మేకలు ఉన్నాయి. అది మందు అని నేను ఒక్క మాట అంటే మైల అడ్డు తొలగి మా మేకకు దారి దొరుకుతుంది. మిగిలిన మేకలన్నీ ఎంగిలి అవుతాయి. వచ్చే ఏడు పంపు దగ్గరికి ఎవరూ రారు.

"తాత సెప్పింది నిజమేనే," అంది అమ్మ. "మనకి మైల. పద." తాడు నా చేతిలోంచి తీసుకుంది.

మర్నాడు నేను మళ్ళీ ఎర్రయ్య తాత దగ్గరికి వెళ్ళి, కనీసం మా వరండాలో, ఎవరూ చూడకుండా పోయవచ్చా అని అడిగాను. "నానొద్దనను. మీ యమ్మ ఒప్పుకోవాల," అన్నాడు. "ఎందుకని అడుగుతాది. ఏటి చెప్తావు?"

మాత పూజ బాగా జరిగింది. డప్పులు ఇన్‌స్టిట్యూట్ దాకా వినిపించాయని రష్మిత చెప్పింది. లైనులో కొత్తగా ఎవరికీ మచ్చల జ్వరం రాలేదు. తమ తీర్మానం వల్లే అది తగ్గిందని సంఘం వార్షిక నివేదికలో చేర్చారు. ఆ నివేదిక కూడా నేనే రాశాను. ఫ్లెక్సీ వానకు వెలిసి, ముందు చంద్రకళ పేరు పోయింది. జ్వరం అనే మాట ఇంకా కనబడుతోంది.

పూజతో వరండాల్లో మేకలన్నీ అయిపోయాయి. మాది ఒక్కటే ఉంది. రోజూ సాయంత్రం, చంద్రకళ డ్యూటీ దిగి వచ్చే వేళకు, అమ్మ దాని చెవులు మడిచి కూర్చుంటుంది. నేను ఎదురుగా కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతాను. పడుకునే ముందు అమ్మ తల దువ్వే నెపంతో మెడ వెనక, చెవుల వెనక చూస్తాను. ఉదయం కాఫీ ఇచ్చేటప్పుడు అరచేతులు చూస్తాను. సందు చివర షాపులో దొరికే ఆ మాత్రలు రష్మిత డాక్టరుతో రాయించి ఇచ్చింది. వాటిని పప్పుల డబ్బాల మధ్య ఉంచాను. మేకకు పోసే మందు సీసా బీరువాలో, చంద్రకళ యూనిఫాం పక్కన ఉంది. మూత తీయలేదు.

మేకకు మందు పోయలేదు. ఎందుకు పోయాలో అమ్మకు ఇంకా చెప్పలేదు.